నలభై ఎనిమిది కొసలు: బ్రాడీపేటలో ఒక టేకు మిద్దె మరమ్మతు

2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ వానకు గుంటూరులో చాలా పాత మిద్దెలు కారాయి. వాటిలో బ్రాడీపేటలోని ఒక ఇల్లు జనవరిలో ఇంజనీరునైన నా చేతికి వచ్చింది. ఇంటాయన కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారు. ఫోనులో ఆయన అడిగింది ఒక్కటే: "మిద్దె కూల్చి స్లాబు వేయడానికి ఎంతవుతుందో చెప్పండి, చాలు." నేనూ కొలతలు తీసుకుని అంచనా రాసిచ్చి వచ్చేద్దామనే వెళ్లాను. కర్రను కాపాడాలన్న దీక్ష ఏదీ ఆ రోజు నాకు లేదు.

ఇల్లు 1950ల చివర్లో మాస్టారి నాన్నగారు కట్టించింది. పద్నాలుగు అంగుళాల ఇటుక గోడలు, గానుగ సున్నం. పైకప్పు మద్రాస్ టెర్రస్. ఈ పద్ధతిని చూడని కుర్ర ఇంజనీర్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు కాబట్టి కాస్త చెబుతాను. గోడ నుంచి గోడకు అడుగున్నర ఎడంతో టేకు దూలాలు వేస్తారు. వాటి మీద అంగుళం మందమున్న చిన్న ఇటుకలను సున్నంలో ఐమూలగా, అంచు మీద నిలబెట్టి పేరుస్తారు. దానిపైన ఇటుక జల్లి, సున్నం కలిపి పోసి, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు చిలకరిస్తూ కూలీలు వరసగా కూర్చుని చెక్కలతో రోజుల తరబడి కొట్టేవారు. చివరగా పలకలు పరుస్తారు. మొత్తం చదరపు మీటరుకు సుమారు 400 కిలోల బరువు. ఐదంగుళాల ఆర్‌సీసీ స్లాబు దాదాపు 310 కిలోలు. అంటే పాత కాలపు మిద్దె తేలికైనదని అనుకుంటే పొరపాటే. అంత బరువునూ అరవై ఏళ్లకు పైగా మోసింది కర్రే.

హాలులో 14 దూలాలు, పక్క గదిలో 10. ఒక్కొక్కటి నాలుగంగుళాలు వెడల్పు, ఆరంగుళాలు లోతు, గోడల మధ్య పదకొండడుగులు. "బర్మా టేకు" అన్నారు మాస్టారు. మా ప్రాంతంలో పాత ఇల్లున్న ప్రతివారూ తమది బర్మా టేకనే చెబుతారు. గోదావరి అడవుల నుంచి దిగిన టేకు కూడా ఈ జిల్లా ఇళ్లలోకి చాలానే వచ్చింది. నేను వాదించలేదు. చేవ ఉంటే ఊరితో పనేమిటి?

హాలు తూర్పు గోడ పొడవునా తడి మరకలు. దూలాలకు వేసిన ఎనామెల్ రంగు పొక్కులు లేచి ఉంది. ఒక దూలం గోడలోకి దూరే చోట నాలుగు వేళ్ల మేర కిందికి జారి, పైన ఇటుకల వరసలో సందు పడింది. అంతకు ముందే ఒక కాంట్రాక్టరు చూసి వెళ్లాడట. "కర్రకు ఆయువు తీరింది, ఇక నమ్మకూడదు" అని చెప్పాడట. మాస్టారి అబ్బాయి హైదరాబాదు నుంచి వీడియోలో చూసి అదే మాట అన్నాడు. నాకూ తప్పనిపించలేదు.

నాతో వచ్చిన వడ్రంగి ఆచారి గారికి మాత్రం తొందర లేదు. డెబ్బైకి దగ్గర పడిన మనిషి. ఆయన సంచిలో ఉలి, సుత్తి, బాడిసతో పాటు ఎప్పుడూ ఒక దబ్బనం ఉంటుంది. మిర్చి యార్డులో బస్తాలు కుట్టేదే. నిచ్చెనెక్కి తూర్పు గోడ దగ్గర జారిన దూలంలో గుచ్చారు. పిడి దాకా దిగింది. బయటికి లాగితే తడిసిన అటుకుల్లాంటి ముద్ద వచ్చింది. వేళ్ల మధ్య నలిపితే కాఫీపొడి రంగు నీళ్లు. తర్వాత గోడ నుంచి రెండడుగులు ఇవతలికి జరిగి గుచ్చారు. దబ్బనం మొన గీత కూడా పెట్టలేదు. సుత్తితో తడితే కంచు మోగినట్లు మోగింది.

అక్కడే దిగిపోయి ఉంటే ఈ కథ లేదు. ఆయన నిచ్చెనను ఎదురుగా ఉన్న నడిమి గోడకు జరిపి, అదే దూలం రెండో కొస దగ్గర గుచ్చారు. దిగలేదు. పక్క దూలం, ఆ పక్క దూలం, అలా పద్నాలుగూ చూశారు. ఒక్కటీ దిగలేదు. "బాబు గారూ, ఇది కర్ర జబ్బు కాదు, గోడ జబ్బు" అన్నారు కిందికి చూసి.

మర్నాడు తేమ కొలిచే మీటరు పట్టుకుని మళ్లీ వెళ్లాను. 24 దూలాలకు 48 కొసలు. ప్రతి కొస దగ్గరా పెచ్చు ఊడగొట్టించి, ఒక కాగితం మీద గోడలు గీసుకుని కొసకొక అంకె వేశాను. ఫలితం ఇది: నడిమి గోడలో హాలు వైపు 14, గది వైపు 10, మొత్తం 24 కొసలు, అన్నీ గట్టివి, తేమ 12, 13 శాతం. తూర్పు గోడలో 14 కొసలుంటే 9 పుచ్చాయి, తేమ 26 నుంచి మీటరు చూపలేనంత దాకా. పడమటి గోడలో 10 ఉంటే పుచ్చినవి రెండు; ఆ రెండూ సరిగ్గా నీళ్ల ట్యాంకు కిందివే.

ఒకే కర్ర, ఒకే వయసు, ఒకే బరువు. కర్రకు ఆయువు తీరడమే కారణమైతే నడిమి గోడలోని కొసలూ పోవాలి కదా. మాస్టారు లెక్కల మనిషి. కాగితం చూపిస్తే రెండు నిమిషాలు చూసి, "అయితే కూల్చాల్సింది కర్రను కాదన్నమాట" అన్నారు. స్లాబు మాట ఆ పూట నుంచి వెనక్కి పోయింది.

గోడలో ఏం జరిగింది

కర్రను కుళ్లబెట్టేది శిలీంధ్రం. కర్రలో తేమ 20 శాతం లోపు ఉన్నంతకాలం దానికి బతుకు లేదు. మా వాతావరణంలో ఇంటి లోపలి కర్ర ఏడాది పొడవునా 10 నుంచి 15 మధ్య ఊగుతుంది. అందుకే దూలం నడుములో కర్ర చెడిపోవడం అరుదు. చెడేది గోడలో దాగిన ఆరేడు అంగుళాలే. పైగా కర్ర కొస అంటే పీచు తెగిన చోటు. చెట్టు నీళ్లు తాగిన గొట్టాలన్నీ అక్కడ నోళ్లు తెరుచుకుని ఉంటాయి. పక్క ముఖం కంటే కొస ముఖం ఎన్నో రెట్లు వేగంగా నీటిని పీలుస్తుంది.

పాత మేస్త్రీలు ఆ కొసలను సున్నంలో కూర్చోబెట్టారు. సున్నం తడిని పీల్చుకున్నా మళ్లీ గాలికి వదిలేస్తుంది. 1990లలో ఒకసారి మిద్దె కారిందని ఈ ఇంట్లో మూడు పనులు చేశారు. పైన అంగుళంన్నర సిమెంటు గచ్చు పోశారు. దూలం గోడలోకి దూరే చోట సందులన్నీ సిమెంటుతో కూరేశారు. దూలాలకు రెండు పూతలు ఎనామెల్ వేశారు. మూడూ మంచి ఉద్దేశంతో చేసినవే. సిమెంటు గచ్చు ఎండకు పగిలింది. తూర్పు పిట్టగోడ తూములు రెండూ ఆకులతో పూడిపోయి, నీళ్లు ఆ వారగా నిలిచి పగుళ్లలోంచి గోడలోకి దిగాయి. దిగిన తడి బయటికి వచ్చే దారి లేదు: ఒక వైపు సిమెంటు, ఒక వైపు రంగు. తడిసిన పంచె ప్లాస్టిక్ సంచిలో కట్టి అటక మీద పెట్టినట్లయింది.

చెదలూ వచ్చాయి. తూర్పు గోడ మూల నుంచి పెన్సిలంత లావు మట్టి గొట్టం ఒకటి కరెంటు పట్టీ వెనకగా దూలం దాకా పాకింది. దాన్ని గీరితే తెల్లటి పురుగులు చెల్లాచెదురయ్యాయి. కానీ అవి తిన్నదాన్ని చూడాలి. ఆ దూలానికి ఒక అంచున కొంచెం తెల్లచెక్క, అంటే బెరడు కింది లేత కర్ర, మిగిలిపోయి ఉంది. దాన్ని మాత్రం కాగితపు పొరల్లా మిగిల్చి, చేవ, అంటే మాను నడిమి గట్టి కర్ర, మొదలైన గీత దగ్గర ఆగిపోయాయి. ఆ సరిహద్దు చాకుతో కోసినట్లు ఉంది. టేకు చేవలో సహజంగా ఉండే కొన్ని రసాయనాలు చెదలకు గిట్టవు. తడిసి మెత్తబడ్డ చేవను అవి వదిలిపెడతాయన్న హామీ మాత్రం లేదు.

స్లాబు వేసి ఉంటే

మాస్టారి అబ్బాయి కోసం ఒక లెక్క వేశాను. రెండు గదులూ కలిపి 400 చదరపు అడుగుల చిల్లర. కూల్చితే దాదాపు 15 టన్నుల ఇటుక, సున్నపు శిథిలం. ఆ సందులోకి ట్రాక్టరు తప్ప రాదు. కొత్త స్లాబుకు సుమారు 30 బస్తాల సిమెంటు, 400 కిలోల ఇనుము. సిమెంటు కిలోకు, రకాన్ని బట్టి, అర కిలో నుంచి ముప్పాతిక కిలో పైదాకా బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. కొలిమికి కాల్చే బొగ్గుది అందులో ఒక వాటా. పెద్ద వాటా సున్నపురాయి వేడికి విడిపోయినప్పుడు రాయిలోంచే వచ్చేది.

కర్ర సంగతి దీనికి తిరగేసి ఉంటుంది. ఎండిన కర్ర బరువులో ఇంచుమించు సగం కార్బన్. చెట్టు గాలిలోంచి తీసుకుని దాచింది. 24 దూలాలు కలిపి 50 ఘనపుటడుగులు, ఎండు బరువు 800 కిలోల పైచిలుకు. అందులోని కార్బన్‌ను బొగ్గుపులుసు వాయువుగా లెక్కగడితే టన్నున్నర. ఆ టన్నున్నర ఆరు దశాబ్దాలుగా ఆ హాలు పైకప్పులో కదలకుండా ఉంది. కూల్చి వంటచెరకుకు అమ్మితే ఒక్క ఏడాదిలో గాలికి పోతుంది. కర్ర పర్యావరణానికి మంచిదని చెప్పేవారు ఎక్కువగా చెట్టు మళ్లీ మొలుస్తుందన్న దాని మీద నిలబడతారు. నా మటుకు నాకు అది సగం మాటే. మన రైతులు పెంచే సుబాబులు, జామాయిలు కాగితం మిల్లుకు వెళ్లి, నోటు పుస్తకమై, చెత్తబుట్టలో పడి, దాచిన కార్బన్‌ను ఒకటి రెండేళ్లలో వదిలేస్తాయి. కర్ర చేసే మేలు అది ఎన్నేళ్లు పనిలో నిలిచిందన్న దానిమీద ఉంటుంది. ఆ ఏళ్లను నిర్ణయించేది కొసలు.

కేంద్ర ప్రజాపనుల శాఖ 1993లో తన నిర్మాణాల్లో కలప వాడకాన్ని ఆపేసింది; అడవులను కాపాడాలని. 2020లో ఆ నిషేధం ఎత్తేశారు. మధ్యలో గడిచిన 27 ఏళ్లలో కర్రతో లెక్క కట్టడం మరిచిపోయిన ఇంజనీర్ల తరం ఒకటి తయారైంది. నేనూ ఆ తరంవాణ్ణే. కాలేజీలో కలప గురించి నాకు చెప్పింది రెండు పూటలు. రంపపు కోత ఎన్ని రకాలో చెప్పి ముగించారు.

మరమ్మతు

ముందుగా దూలాల బలం చూసుకున్నాను. మిద్దె బరువు, పైన మనుషులు తిరిగే బరువు కలిపితే నడుము దగ్గర వచ్చే ఒత్తిడి చదరపు మిల్లీమీటరుకు 10 న్యూటన్ల చుట్టూ తేలింది. టేకుకు అనుమతించే హద్దులోనే ఉంది. వంపు అర అంగుళం పైన. కంటికి కనిపిస్తుంది గానీ ప్రమాదం లేదు. సిమెంటు గచ్చు తీసేస్తే దాదాపు మూడున్నర టన్నుల బరువు దిగుతుంది కూడా. కాబట్టి దూలాలు మార్చే పని లేదు, పుచ్చిన 11 కొసలు తప్ప.

కొస ఎలా అతకాలన్న దగ్గర ఆచారి గారికీ నాకూ పేచీ వచ్చింది. ఆయన పాత పద్ధతిలో సగం మందం ఇటు, సగం మందం అటు చెక్కి, ఒకదానిపై ఒకటి కూర్చోబెట్టి చెక్క మేకు దిగ్గొడతానన్నారు. చూడడానికి అందంగా ఉంటుంది. రంగు తేడా తప్ప అతుకు తెలియదు. నా భయం వేరు. దూలం కొస దగ్గర వంపు ఒత్తిడి తక్కువే అయినా, గోడ మోసే బరువంతా అక్కడే దిగుతుంది. లోతు సగం చేసి చెక్కితే, ఆ మెట్టు మూల నుంచి పీచు వెంట చీలిక పాకుతుంది. కట్టెలు కొట్టేటప్పుడు గొడ్డలి మొన ఒకసారి దిగితే చాలు కదా, మిగతాది కర్రే చీలుతుంది. చివరికి పుచ్చిన భాగం, దానితో పాటు మరో ఆరంగుళాల మంచి కర్ర కోసేసి, రెండు పక్కలా రెండంగుళాల టేకు బద్దెలు నాలుగేసి అడుగులవి పెట్టి, జింకు పూసిన 12 మిల్లీమీటర్ల బోల్టులు ఆరేసి బిగించాం. ఇక గోడ మీద కూర్చునేవి ఆ బద్దెలే. ఆచారి గారు మూడు రోజులు నాతో ముభావంగా ఉన్నారు. నాలుగో రోజు బద్దెల కొసలను పాత ఇళ్ల చూరు కింద ఉండే ఏనుగు తొండం వంపులా చెక్కుకొచ్చారు. మాస్టారి ఇంటికి వచ్చినవారు ఇప్పుడు వాటిని అలంకారం అనుకుంటున్నారు.

బద్దెలకు కర్ర చీరాల వైపు కూల్చిన ఒక పాత పొగాకు గోదాము నుంచి దొరికింది. పాత కర్ర మంచిదే గానీ కోత మిల్లులో దాన్ని చూస్తే మొహం చిట్లిస్తారు. లోపల విరిగిన మేకు ఒక్కటి తగిలినా రంపం పళ్లు పోతాయి. అయస్కాంతం దారానికి కట్టి, దుంగ మీద ఆడించి, అది ఎక్కడ లాగితే అక్కడ సుద్దతో గీతలు పెట్టి, రెండు రోజులు మేకులే పీకాం. ఒక డబ్బా నిండింది.

గోడలోని గూడు ఈ పనికి ప్రాణం. కూరిన సిమెంటంతా ఉలితో తీయించి, అడుగున కడప బండ ముక్క, దానిపై తారు పట్టీ, ఆపైన బద్దెలు. రెండు పక్కలా, పైన, వెనక వేలు పట్టేంత ఖాళీ. కర్ర కొస బయటి వైపు ఇటుకను తాకకూడదు. కొస ముఖాలకు బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన వేడి నీళ్లు మూడుసార్లు పట్టించాం. వాన తగిలితే కడుక్కుపోతుంది కాబట్టి ఈ మందు ఇంటి లోపలికే. గోడ అడుగున అడుగుకొక రంధ్రం చొప్పున వేసి చెదల మందు నేలలోకి పట్టించాం. దీనికి భారతీయ ప్రమాణం 6313 మూడో భాగం ఉంది, మేస్త్రి నోటి లెక్క మీద వదిలేయకూడదు. ఎనామెల్ గీకేసి అవిసె నూనె రుద్దాం. పైన గచ్చు తీసి, పిడుగురాళ్ల నుంచి తెచ్చిన సున్నంతో మళ్లీ వేయించి, తూములు రెండింటిని నాలుగు చేశాం.

పని జరిగినన్ని రోజులూ దూలాల కింద సెంట్రింగు జాకీలు. ఒక్కసారి మూడు దూలాలకు మించి విప్పలేదు. అందుకే పది వారాలు పట్టింది. ఖర్చు స్లాబు అంచనాలో మూడింట రెండు వంతులు; అందులో ఎక్కువ భాగం కూలి, సామగ్రి తక్కువ. తొందరగా కావాలనేవారికి ఈ దారి చెప్పను.

నా తప్పు

ముందు వసారాకు పాత రేకులుండేవి. ఎలాగూ పనివాళ్లున్నారని, అక్కడ టేకు వాసాలు, మంగుళూరు పెంకులు వేద్దామన్నాను. చాలినంత పాత కర్ర దొరకలేదు. ఒక అడితిలో తోటల్లో పెంచిన టేకు కొన్నాం. "ఆరిన సరుకే" అన్నారు. నేను మీటరు గుచ్చాను, 14 చూపింది, సరేనన్నాను. ఆ మీటరు సూదులు దిగేది కర్రలోకి అయిదారు మిల్లీమీటర్లే. ఎండలో పెట్టిన దుంగకు పైపొర ఎప్పుడూ ఆరే ఉంటుంది. ఒక ముక్క అడ్డంగా కోయించి మధ్యలో గుచ్చి ఉంటే 22, 23 చూపి ఉండేది. మే నెలలో మిగిలిన ముక్క మీద చూస్తే అప్పటికి కూడా 18 ఉంది.

మే నెల గుంటూరు ఎండలు చెప్పక్కర్లేదు. కర్ర పొడవులో దాదాపు కుంచించదు, అడ్డంగా కుంచిస్తుంది. ఆరంగుళాల వెడల్పులో మూడు మిల్లీమీటర్లు పోయింది. బోల్టులన్నీ చేత్తో తిరిగేంత వదులయ్యాయి. ఒక వాసం మెలి తిరిగి రెండు పెంకులు జారాయి. అదృష్టం, కింద ఎవరూ లేరు. తోట టేకులో తెల్లచెక్క వాటా కూడా నేను అనుకున్నదానికంటే ఎక్కువ. బోల్టులు బిగించడం, వాసం మార్చడం, తెల్లచెక్కకు మందు పట్టించడం నా ఖర్చుతో చేయించాను. అప్పటినుంచి నా సంచిలో కూడా ఒక చేతి రంపం ఉంటోంది. అడితిలో ముక్క కోసి చూపనంటే కొనడం లేదు.

నిప్పు సంగతేమిటని మాస్టారి అబ్బాయి అడిగాడు. టేకు లాంటి గట్టి కర్ర నిమిషానికి అర మిల్లీమీటరు, మహా అయితే ముప్పాతిక మిల్లీమీటరు లోపలికి బొగ్గవుతుంది. ఆ బొగ్గు పొరే లోపలి కర్రకు దుప్పటి. నాలుగంగుళాల వెడల్పు, ఆరంగుళాల లోతు ఉన్న దూలం అరగంట మంటలో కూడా మధ్యలో గట్టిగా మిగులుతుంది. ఇక పాత కరెంటు తీగలు మార్చించమని చెప్పాను, భయపడాల్సింది వాటికి.

2024 ఆగస్టు ఆఖరున, బుడమేరు పొంగి విజయవాడ మునగబోయే ముందు, గుంటూరులోనూ వాన విడవకుండా కురిసింది. అది తగ్గిన వారానికి ఆచారి గారితో కలిసి వెళ్లాను. మరకలు లేవు. 48 కొసల కాగితం తీసి మళ్లీ కొలిచాను. నడిమి గోడలో 13, తూర్పు గోడలో 14 నుంచి 16. ఏడో దూలం ఒక్కటి 21 చూపింది. ఆచారి గారు దబ్బనం గుచ్చారు, దిగలేదు. పైకెక్కి చూస్తే, సరిగ్గా ఆ దూలం మీదుగా పిట్టగోడ వారన తులసి కోట, నాలుగు బంతి కుండీలు. మాస్టారి భార్య రోజూ పొద్దున్నే చెంబెడు నీళ్లు పోస్తారట.

కుండీలు అవతలి గోడకు జరపమని చెప్పి వచ్చాను. సంక్రాంతికి వెళ్తే అవి అక్కడే ఉన్నాయి, కింద ఇటుక ముక్కలు పెట్టి, నీళ్లు తూములోకి పోయేలా చిన్న కాలువ తీసి. "తులసమ్మను పడమటికి ఎలా జరుపుతామండీ" అన్నారావిడ. మీటరు గుచ్చాను. 15.